‘ఏ నంబరు?’ అని అడిగే మా ల్యాబ్ మాస్టారు

మా ల్యాబ్ మాస్టారు పోయారన్న మాట నేను కాశీబుగ్గ బస్టాండులో, టెక్కలి బస్సు ఎక్కబోతూ విన్నాను. నా స్నేహితురాలు ఫోన్ చేసి “మాస్టారు పోనారే” అంది. “ఎక్కితే ఎక్కమ్మా, లేపోతే దారియ్యి” అన్నాడు కండక్టరు. ఎక్కాను. ఆ రోజు కాలేజీలో చేసేదేమీ లేదని తెలుసు. అయినా ఆ సమయానికి ఆ బస్సు ఎక్కడం తప్ప ఇంకేం చేయాలో నాకు తోచలేదు.

ఆయన్ని అందరం మాస్టారు అనేవాళ్ళం గాని, కాలేజీ కాగితాల్లో ఆయన హోదా ల్యాబ్ అసిస్టెంటు. పాఠం చెప్పేది లెక్చరర్లు. కంప్యూటర్లు తుడిచి, వైర్లు కట్టి, మేము రాసిన ప్రోగ్రాం ఎందుకు నడవడం లేదో మా పక్కన కూర్చుని చూసేది ఆయన. బారువ దగ్గర సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టారు. వాళ్ళ నాన్న వేటకెళ్ళేవారట. తనకి పడవెక్కితే కడుపులో తిప్పేదనీ, అందుకే చదువుకోవలసి వచ్చిందనీ నవ్వుతూ చెప్పేవారు.

మా ల్యాబులో కంప్యూటర్లు ఒక్కసారి కొన్నవి కావు. ఒక ఏడు రెండు, ఇంకో ఏడు మూడు, ఎవరో వాడి వదిలేసినవి నాలుగు, ఇలా చేరినవి. ప్రతి దాని నుదుటి మీదా మాస్టారు స్కెచ్ పెన్నుతో రాసి టేపుతో అతికించిన చీటీ ఉండేది. ‘పైథాన్ 3.4’, ‘పైథాన్ 3.8’, ఇలాగ. పైథాన్ అంటే మేము ప్రోగ్రాములు రాసే భాష. భాష ఒకటే అయినా ఏటేటా కొత్త నంబరుతో వస్తుంది. కొత్తదానిలో చెల్లే మాట పాతదానిలో చెల్లకపోవచ్చు. మొదటి ఏడాది ఆ చీటీలు చూసి “మాస్టారు కంప్యూటర్లకి బారసాల చేసీసారు” అని నవ్వుకునేవాళ్ళం.

మా రికార్డు పుస్తకంలో మొదటి గీత మీద ఆ నంబరు రాయకపోతే ఆయన పేజీ తిప్పేవారు కాదు.

“ఏటమ్మా, ఏ నంబరు?”

“పైథానే మాస్టారూ.”

“మీ అమ్మ ఏటి సేత్తాది?”

“జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరుతుంది మాస్టారూ.”

“అయితే ఇంటికెల్లి అడుగు. కాశీబుగ్గ బజార్లో నిలబడి పప్పు కావాలంటే ఇచ్చీత్తారేటి? ఏ నంబరు పప్పని అడుగుతారా, అడగరా?”

నిజంగానే ఇంటికెళ్ళి అడిగాను. అమ్మ పని ఆపకుండానే “నూట ఎనభై వేరు, మూడొందల ఇరవై వేరు. కలిపీసేవంటే మేస్త్రి ఊరుకుంటాడా?” అంది. ఆ అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నదవుతుందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసిన సంగతి ఇంకోచోట పనికొస్తుందని మాత్రం తెలియదు. మర్నాడు రికార్డులో నంబరు రాసి తీసుకెళ్ళాను. మాస్టారు చూశారు. పేజీ తిప్పారు. అంతే.

ఎవరి కీబోర్డు మీదా ఆయన అడగకుండా చెయ్యి వేసేవారు కాదు. బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టి “సూడొచ్చా?” అనేవారు. ఎండాకాలంలో కూడా ఎడమ చెయ్యి మణికట్టు దాకా చొక్కా గుండీ పెట్టుకునేవారు. ఆయన బల్ల మీద చిన్న స్టీలు గ్లాసు ఒకటి ఉండేది. అందులో సగం నీళ్ళు. ఆ సగం గ్లాసు మధ్యాహ్నం దాకా వచ్చేది. ఒక్కో గుక్క నోట్లో చాలాసేపు ఉంచుకుని మింగేవారు. కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న మా ఉద్దానం వైపు వాళ్ళకి ఇవన్నీ విడమరిచి చెప్పక్కర్లేదు. మంగళ, గురు, శనివారాలు ఆయన ల్యాబుకి వచ్చేవారు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌కి వెళ్ళేవారు.

ఒకసారి నేను ఆ చేతి వైపు చూస్తుండగా గమనించారు. దాచుకోలేదు. గుండీ తీసి, డయాలసిస్ సూది గుచ్చడానికని ఆపరేషన్ చేసి కలిపితే ఉబ్బిన నరం మీద నా వేళ్ళు పెట్టించారు. లోపల సన్నగా గుర్రుమంటోంది. “మోటారు బోటు. మా నాన్న బోటు ఎక్కనన్నానని సివరికి సేతిలోనే కట్టీసేరు” అన్నారు. నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాను. “నవ్వమ్మా, పరవాలేదు” అన్నారు.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. కానీ అది చెప్పకుండా ఆయన గురించి రాస్తే అబద్ధం అవుతుంది.

ఆయన వెళ్ళే డయాలసిస్ కేంద్రంలో ఎవరు ఏ రోజు రావాలన్నది ముందే ఖాయం. ఆ రోజు మొదటి బ్యాచ్‌లో మంచం దొరుకుతుందా, మధ్యాహ్నం బ్యాచ్‌లోనా అన్నది మాత్రం వచ్చిన వరుసను బట్టి ఉండేది. మొదటి బ్యాచ్ అయితే తీరం ఊళ్ళ ఆటోల్లోనే తిరిగి వెళ్ళిపోవచ్చు. రెండోదైతే ఆటోలు ఆగవు. ఒంట్లో సత్తువ లేని మనిషి బస్సు కోసం రోడ్డు మీద నిలబడాలి. జనం తమ ఫైళ్ళు బెంచీ మీద వరుసగా పెట్టి కూర్చునేవారు. ఫైలు ఎవరో జరిపారని రోజూ తగువే. “వరస తప్పకుండా పేర్లెక్కించుకునే చిన్న ప్రోగ్రాం రాయమ్మా. అక్కడ సిస్టరు బుర్ర తినేత్తన్నారు” అని మాస్టారు నాకు అప్పగించారు. అది నా చదువులో ప్రాజెక్టు కూడా అవుతుందన్నారు. నాకు గాల్లో నడిచినట్టయింది.

పది రోజుల్లో రాశాను. నా ల్యాప్‌టాప్ మీద చక్కగా నడిచింది. తీసుకెళ్ళి పెట్టే ముందు రోజు మాస్టారు అడిగారు:

“అక్కడ పెట్టె పాతది. ఏ నంబరో సూసేవా?”

“చూశాను మాస్టారూ.”

చూడలేదు. మర్నాడు వెళ్ళేదాన్నే కదా, అప్పుడు చూడొచ్చులే అనుకున్నాను. ఆయన ముందు చూడలేదని చెప్పడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు ఆ పాత కంప్యూటర్‌లో ఎక్కించగానే తెర మీద ఎర్ర అక్షరాల్లో తప్పులు వచ్చాయి. నేను వాడిన కొత్త తరహా రాత దానికి తెలియదు. ఒక్కొక్కటీ పాత పద్ధతిలోకి మార్చాను. ఎర్ర అక్షరాలు పోయాయి. రెండు పేర్లు ఎక్కించి చూశాను. సరిగ్గా వచ్చాయి. సిస్టరుకి చూపించి, సంతోషంగా ఇంటికి వచ్చేశాను.

జరిగిందేమిటంటే, పేర్లు దాచడానికి నేను వాడినది ఆ భాషలో డిక్షనరీ అనే అర. పేరు చెబితే దాని పక్కనున్న వివరం తీసి ఇస్తుంది. కొత్త పైథాన్‌లో ఆ అరలోని పేర్లు ఎక్కించిన వరుసలోనే బయటికి వస్తాయి. పాతదానిలో ఆ హామీ లేదు. ముందు వేసింది చివర రావచ్చు, మధ్యలోదీ మొదట రావచ్చు. తప్పు అని ఎక్కడా చెప్పదు. చక్కగా, నంబర్లు వేసి మరీ, తప్పు వరుసే చూపిస్తుంది. నేను పెట్టిన రెండు పేర్లు అదృష్టం కొద్దీ సరిగా వచ్చాయి. అదృష్టం అనాలో, దురదృష్టం అనాలో.

సోమవారం పొద్దున్న ప్రోగ్రాం మొదటిసారి నిజంగా నడిచినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. సిస్టరు పట్టీ అచ్చు తీసి తలుపుకి అంటించింది. అందరికంటే ముందు, ఇంకా తెల్లగా తెలవారక ముందే వచ్చిన ఒక పెద్దావిడ పేరు అట్టడుగున ఉంది. బారువ వైపు ఎండుచేపలు అమ్ముకునే మనిషి. అప్పటికే ఆయాసపడుతోంది. ఏడో మనిషిగా వచ్చిన మా మాస్టారి పేరు మూడో చోట ఉంది.

మాస్టారితో ఒకే ఆటోలో వచ్చే కొబ్బరితోటల రైతు ఒకాయన కాగితం మీద వేలు పెట్టి చదివాడు. ఆటో దిగేటప్పుడు రోజూ మాస్టారు ముందు, ఈయన వెనక. ఆ రోజు ఆయన పేరు మధ్యాహ్నం బ్యాచ్‌లోకి పోయింది.

“ఏటి మాస్టారూ, కంప్యూటరు మీ శిష్యురాలిదేనట గదా? మీరంటే దానికి మహా గౌరవం ఉన్నట్టుంది.”

ఒకళ్ళిద్దరు నవ్వారు. “సదువుకున్నోళ్ళ ఫైలు సదువుకున్నదే జరిపీసింది” అన్నారు ఇంకెవరో. ఆయన జీవితంలో ఎవరికన్నా ముందు ఒక్క గుక్క నీళ్ళు కూడా తాగిన మనిషి కాదు. నా మూలంగా, అంతమంది ముందు, వరుస దాటినవాడయ్యారు.

మాస్టారు కాగితం మొత్తం చదివారు. నావైపు చూడలేదు. పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, అక్కని పిలిచినట్టు “లెగు అప్పా. నా మంచం మీద నువ్వు తొంగో” అన్నారు.

“వద్దు బావూ, నీ పేరు గదా అది.”

“పేరు నాదే. వరస నీది.”

తర్వాత అందరి వైపూ తిరిగారు. “ఆ గుంటనేటీ అనకండి. సూసుకోమన్నది నాను. సూసినాదో లేదో సూడంది నాను. తప్పు నాది. పట్టీ సింపీయండి సిస్టరూ, వచ్చినోలు వచ్చినట్టు సెప్తారు, రాసుకోండి.” కొత్త పట్టీలో తనకీ ఉదయమే చోటు వచ్చినా, ఒకసారి ఇచ్చేసిన మంచం తిరిగి తీసుకోకుండా ఆయన మధ్యాహ్నం బ్యాచ్‌కి ఉండిపోయారు. రైతుకి ఉదయమే మంచం దొరికింది. ఆయన మాస్టారి మొహం చూడకుండా లోపలికి వెళ్ళాడు.

మంగళవారం ల్యాబుకి వెళ్ళాలంటే భయం వేసింది. తిడతారని కాదు. తిట్టకపోతే ఏం చేయాలి అని. ఆయన పక్క కుర్చీ చూపించారు. కూర్చోకుండానే చెప్పేశాను:

“నేను నంబరు చూడలేదు మాస్టారూ. చూశానని అబద్ధం చెప్పాను.”

“అబద్దమని నాకు తెలదు” అన్నారు, గ్లాసు పక్కకి జరిపి. “తెలిసుంటే నిన్న అంత గట్టిగా మాటాడలేకపోదును. తెలకపోవడమే మంచిదైంది. కూకో.”

ఆ రోజు ఆయన చెప్పిన మాట నా పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను. “ఎర్ర గీత వచ్చి ఆగిపోయే ప్రోగ్రాముకి బయపడకు. అది నిజం సెప్తంది. నవ్వుకుంటా నడిసిపోయే తప్పుంటాది సూడు, దానికి బయపడాల.”

ప్రోగ్రాం సరిచేయడం పెద్ద పని కాలేదు. పాతదైనా కొత్తదైనా వరుస తప్పని పద్ధతిలోకి మార్చాను. సెంటర్లోదీ ఆ నంబరే గనక, ల్యాబులో 3.4 చీటీ ఉన్న కంప్యూటర్ మీద నలభై పేర్లతో పదిసార్లు నడిపించాము. అక్కడితో అయిపోయిందనుకున్నాను. మాస్టారు అవలేదన్నారు.

“ఇది సరే. రేపు ఆ కంప్యూటరు పోయి ఇంకోటి వత్తాది. దాని నంబరు మనకి తెలదు. ఇంకేటి మారిపోతాదో తెలదు. అప్పటికి నువ్వు ఏ ఊర్లో ఉంటావో, నానసలు ఉంటానో లేదో. అందుకని, మనం పరీచ్చ సెయ్యని నంబరు కనబడితే ప్రోగ్రాం అక్కడే ఆగిపోవాల. ఆగి, ఎందుకాగిందో సెప్పాల. అది రాయి.”

ఆ రోజుల్లోనే నేను మాటల ప్రేమలో పడ్డాను. కొత్త మాట కనిపిస్తే రాసుకోవడం, పెద్ద మాట దొరికితే ఎక్కడ వాడదామా అని వెతకడం. ఒక రాత్రంతా ఆలోచించి హెచ్చరిక రాసి తెచ్చాను: ‘ప్రస్తుత యంత్రమందు నెలకొన్న భాషాసంచిక ఈ క్రమవిధికి అనుగుణము కానందున నిర్వహణ నిలిపివేయబడినది.’

మాస్టారు రెండుసార్లు చదివారు. “బాగుందమ్మా. నిజంగా బాగుంది. ఎవరికి రాసేవు?”

“సెంటర్లో సిస్టరుకి.”

“పొద్దున్నే ఇరవై మంది మీద పడతన్నారు. ఒకలికి ఆయాసం. ఒకలికి కాళ్ళు వాసిపోనాయి. ఆవిడ ఇది సదివి ఏటి సెయ్యాల?”

మాస్టారు చివరి మాట మీద వేలు పెట్టారు.

“నిలిపివేయబడినది. సరే. వరస తప్పుద్దని సెప్పేవా? కలం తీసి రాసుకోమని సెప్పేవా?”

కొట్టేసి మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశారు. సాయంత్రం దాకా అదే పని. పెద్ద మాట ఒక్కొక్కటీ పోతుంటే నాకు ఏడుపు వచ్చింది. చివరికి మిగిలింది ఇది: ‘ఈ కంప్యూటర్‌లో ఉన్న పైథాన్ మీద ఈ ప్రోగ్రాం నడిపి చూడలేదు. వరుస తప్పవచ్చు. ఈ రోజు పేర్లు చేత్తో రాసుకోండి.’ ఆ పాత తెర మీద తెలుగు అక్షరాలు విడిపోకుండా కనిపించేలా చేయడానికి ఇంకో పూట పట్టింది. అది కనిపించాక ఆయన గట్టిగా, నెమ్మదిగా, సిస్టరు చదివినట్టు చదివి చూసుకున్నారు. “ఇది వార్నింగంటే. తిట్టు కాదు, బెదిరింపు కాదు. ముందెల్లినోడు ఎనకొచ్చీవోడికి సెప్పీ మాట” అన్నారు.

మంచి వాక్యం ఎలా ఉండాలో నాకు నేర్పినది తెలుగు పుస్తకాలు మాత్రమే కాదని ఇప్పుడు అనుకుంటాను. ఆ మూడు చిన్న వాక్యాల కోసం పారేసిన కాగితాలు కూడా.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఆ ప్రోగ్రాం ఒక్కరోజు కూడా వరుస తప్పలేదు. పెద్దావిడ వేకువనే వచ్చి మొదటి బ్యాచ్‌లోనే వెళ్ళేది. మాస్టారు ఏడో మనిషో, ఎనిమిదో మనిషో. మా హెచ్చరిక మాత్రం ఎవరికీ కనిపించే అవసరం రాలేదు. ఒక్కోసారి నేను అది పనిచేస్తుందో లేదోనని బెంగపడితే “పని సేసీ రోజు రాకూడదనే కోరుకోవాల” అనేవారు. ఈ మధ్య ల్యాబుకి మెట్లెక్కి రావడం మానేశారు. మేమే కుర్చీ కిందికి దించి వరండాలో వేసేవాళ్ళం. అక్కడే రికార్డులు చూసేవారు. చివరి గురువారం నా రికార్డు చూసి, మొదటి గీత మీద వేలు పెట్టి, నంబరు ఉందని తల ఊపి, పేజీ తిప్పారు. శనివారం రాలేదు. ఆదివారం పోయారు. నాకు సోమవారం పొద్దున్న తెలిసింది.

బుధవారం తెల్లవారుతూనే సిస్టరు ఫోన్ చేసింది. “అమ్మా, నిన్న కొత్త కంప్యూటర్ వచ్చింది. నీ ప్రోగ్రాం అందులో ఎక్కించాం. నడవలేదు. ఏదో తెలుగులో రాసొచ్చింది. అలాగే చేస్తున్నాను. నువ్వోసారి రా.”

ల్యాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తాను. కొత్త తెర మీద మా మూడు వాక్యాలు, పెద్ద అక్షరాల్లో, స్పష్టంగా ఉన్నాయి. ఇంత కొత్త నంబరు మేము ఎప్పుడూ నడిపి చూడలేదు. ప్రోగ్రాం చెప్పవలసిన మాట చెప్పి ఆగింది.

పక్కన సిస్టరు తెల్ల కాగితం మీద అంకెలు వేసుకుని, పేర్లు రాస్తోంది. చుట్టూ జనం. ఎవరూ తోసుకోవడం లేదు. “ముందెవరు?” అంటే పెద్దావిడ తన పేరు చెప్పింది. తర్వాతవాళ్ళు ఒకరి వెనక ఒకరు, తాము ఎవరి వెనక వచ్చారో చెబుతున్నారు. ఆరు అయ్యాయి.

“తర్వాత?” అంది సిస్టరు, కాగితం మీది నుంచి తలెత్తకుండా.

“నాను. మాస్టారెనక” అన్నాడు కొబ్బరితోటల రైతు.

అనేశాక ఆయనకే తెలిసింది. భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళెవరూ కదల్లేదు. ఆయన్ని ముందుకి జరగమని ఎవరూ అనలేదు.

సిస్టరు కలం ఏడో అంకె దగ్గర కాసేపు ఆగింది. తర్వాత ఆ గీత వదిలేసి, ఎనిమిదో అంకె పక్కన ఆయన పేరు రాసింది. కాగితం తలుపుకి అంటించింది. ఆ రోజు సాయంత్రం దాకా అది అలాగే ఉంది. ఆరు పక్కన ఒక పేరు, ఎనిమిది పక్కన ఒక పేరు, మధ్యలో ఏడు అన్న అంకె ఒక్కటీ, దాని పక్కన తెల్లటి చోటు.